ఓటుపెట్టె, ఉక్కుపిడికిలి – 9: అర్ధరాత్రి సంతకం

(గత సంచిక తరువాయి)

1975 జూన్ 25, బుధవారం. రాత్రి పదిన్నర ప్రాంతంలో కేంద్ర హోంమంత్రికి ప్రధాని ఇంటి నుంచి కబురు వచ్చింది. ఆ హోంమంత్రి పరాయివారేం కాదు, మన కాసు బ్రహ్మానందరెడ్డి. గుంటూరు జిల్లా రాజకీయాల్లో ఆరితేరి, ఏడేళ్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌ను ఏలి, 1969 తెలంగాణ ఉద్యమపు సెగ తగిలాక ఢిల్లీ చేరిన మనిషి. శాంతిభద్రతలు చేయి దాటుతున్నాయి, దేశంలో అంతర్గత ఎమర్జెన్సీ పెట్టక తప్పదు అని ఇందిరాగాంధీ ఆయనతో చెప్పారు.

బ్రహ్మానందరెడ్డి వెంటనే తలూపలేదు. బంగ్లాదేశ్ యుద్ధం నాడు, 1971 డిసెంబర్‌లో పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయలేదు కదా, ఉన్న అధికారాలు చాలవా అన్నారు. లాయరుగా, పాలకుడిగా ఆయన అడిగింది సరైన ప్రశ్నే. అడిగి వెళ్లిపోయారు. కాసేపటికే మళ్లీ పిలుపు. మీరు చెప్పిన మార్గమూ చూశాం, దానితో పని జరగదు అన్నారు. అయితే మీకేది మంచిదనిపిస్తే అది చేయండి అని, రాష్ట్రపతికి వెళ్లాల్సిన ఉత్తరం మీద ఆయన సంతకం చేశారు. ఇది ఎవరో కల్పించిన కథ కాదు, తర్వాత ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ ముందు ఆయన నోట వచ్చిన మాటే.

మొదటిసారి వెళ్లినప్పుడు ప్రశ్న, రెండోసారి వెళ్లినప్పుడు సంతకం. ఆ రెండింటి మధ్య గడిచిన ఆ కాసేపే ఈ వారం మన కథ. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అర్ధరాత్రి కావడానికి కాస్త ముందు సంతకం పెట్టారు. కేంద్ర మంత్రివర్గానికి సంగతి తెలిసింది మర్నాడు పొద్దున్న ఆరు గంటలకు. అప్పటికే ఢిల్లీలో పత్రికాఫీసులున్న బహదూర్ షా జఫర్ మార్గ్‌కు కరెంటు కట్టయింది. గాంధీ పీస్ ఫౌండేషన్‌లో నిద్రపోతున్న జయప్రకాశ్ నారాయణ్‌ను పోలీసులు లేపి తీసుకెళ్లారు. పోతూ పోతూ ఆయన అన్నమాట మన ఇళ్లల్లో పెద్దవాళ్లు రోజూ అనేదే: వినాశకాలే విపరీతబుద్ధి.

గత సంచికలో జర్మనీ దగ్గర ఆగాం. వైమార్ రాజ్యాంగంలోని 48వ అధికరణం అధ్యక్షుడికి అత్యవసర అధికారాలిచ్చింది. ఆ అధికరణాన్నే పట్టుకుని 1933 ఫిబ్రవరి 28న పౌరహక్కులు రద్దు చేశారు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, మార్చి 23న, హిట్లర్‌కు శాసనాధికారం కట్టబెట్టే బిల్లు పార్లమెంటులో 444 – 94 ఓట్లతో నెగ్గింది. చూశారుగా, అక్కడ రాజ్యాంగాన్ని ఎవరూ చించి పారేయలేదు. దాన్నే చదివి వినిపించారు.

మన రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ సంగతి తెలియదా అంటే, బాగా తెలుసు. ఎమర్జెన్సీ కాలంలో ప్రాథమిక హక్కులను పక్కన పెట్టవచ్చన్న ఆలోచనకు ఒక మూలం ఆ వైమార్ పత్రమే. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో ఈ అధ్యాయం చర్చకొచ్చినప్పుడు హెచ్.వి. కామత్ లేచి గట్టిగా అడ్డుపడ్డారు. ఇలాంటి నిబంధనల్నే వాడుకుని హిట్లర్ ప్రజాస్వామ్యాన్ని పూడ్చిపెట్టాడని గుర్తు చేశారు. సభ విన్నది, అధ్యాయాన్ని ఆమోదించింది. అప్పటి పరిస్థితి కూడా చూడాలి మరి. విభజన నెత్తురు ఆరలేదు, కశ్మీర్‌లో యుద్ధం జరిగింది, హైదరాబాద్‌లోకి సైన్యం వెళ్లి ఏడాదైనా కాలేదు. బలమైన కేంద్రం కావాలని కోరుకున్నవాళ్లంతా నియంతృత్వం కోరుకున్నారనడం అన్యాయం. ఇంటికి దొంగ వస్తాడన్న భయంతో తలుపు వెనక దుడ్డుకర్ర పెట్టుకున్నారు. ఆ కర్ర ఇంట్లోవాళ్ల మీదికే లేస్తుందేమోనని కామత్ భయం.

అది లేవడానికి కారణమైన కేసు నిజానికి చిన్నది. 1971 ఎన్నికల్లో రాయబరేలీలో ఇందిరాగాంధీ చేతిలో లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడిన సోషలిస్టు రాజ్‌నారాయణ్ అలహాబాద్ హైకోర్టుకెక్కారు. 1975 జూన్ 12న జస్టిస్ జగ్‌మోహన్ లాల్ సిన్హా ఆ ఎన్నిక చెల్లదన్నారు. ఆయన తప్పుపట్టినవి రెండు. ప్రధాని కార్యాలయంలో ప్రభుత్వోద్యోగిగా ఉన్న యశ్‌పాల్ కపూర్ చేత ఎన్నికల పని చేయించుకోవడం ఒకటి. సభలకు వేదికలు, మైకులకు కరెంటు యూపీ ప్రభుత్వాధికారుల చేత ఏర్పాటు చేయించుకోవడం రెండోది. ఓట్లు కొన్నారనో పెట్టెలు ఎత్తుకుపోయారనో కాదు. అంత చిన్న తప్పుకు దేశ ప్రధాని పదవికి ఎసరా అని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. నాకైతే ఆ తీర్పులో నవ్వాల్సింది కనిపించదు. ఒక జిల్లా అధికారి వేసిన వేదిక కొయ్యలను కూడా లెక్కపెట్టే న్యాయమూర్తి ఉన్నాడంటే ఆ దేశంలో ప్రజాస్వామ్యం ఇంకా ఊపిరి తీస్తోందనే.

అదే రోజు గుజరాత్ శాసనసభ ఓట్ల లెక్కింపులో కాంగ్రెస్ వెనకబడిపోయింది. బీహార్‌లో జేపీ ఉద్యమం అప్పటికే ఏడాది దాటింది. జూన్ 24న సుప్రీంకోర్టు వేసవి సెలవుల న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ షరతులతో స్టే ఇచ్చారు: ప్రధానిగా ఉండవచ్చు, సభలో మాట్లాడవచ్చు, కానీ ఎంపీగా ఓటు వేయకూడదు, జీతం తీసుకోకూడదు. మర్నాడు సాయంత్రం రామ్‌లీలా మైదానంలో జేపీ, చట్టవిరుద్ధమైన ఆజ్ఞలను పోలీసులు, సైనికులు పాటించనక్కర్లేదన్నారు. ప్రభుత్వానికి కావలసిన సాకు దొరికింది. బెంగాల్ ముఖ్యమంత్రి సిద్ధార్థ శంకర్ రే రాజ్యాంగ పుస్తకం తిరగేసి 352వ అధికరణంలో 'అంతర్గత కల్లోలం' అన్న రెండు మాటలు చూపించారు. ఆ రాత్రికే హోంమంత్రికి పిలుపు.

ఇక్కడ ఒక పిట్టకథ. హోంశాఖలో అసలు పెత్తనం ఆ తర్వాత ఎవరిదంటే సహాయమంత్రి ఓం మెహతాది. ఢిల్లీ జనం ఆయన్ను 'హోం మెహతా' అని పిలుచుకునేవారు. అంటే మన బ్రహ్మానందరెడ్డిగారికి సంతకం మిగిలింది, శాఖ మిగల్లేదు.

ఆ తర్వాతి నెలలు చదువుతుంటే ఎవరికైనా ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంతా పద్ధతిగా జరిగింది. ట్యాంకులు రోడ్డెక్కలేదు. పార్లమెంటు మూతపడలేదు, సమావేశమైంది. జూలైలో ఎమర్జెన్సీకి ఆమోదం కోరుతూ లోక్‌సభలో తీర్మానం పెట్టింది బాబూ జగ్‌జీవన్ రామ్. 336 మంది అవునన్నారు, 59 మంది కాదన్నారు. కాదనాల్సినవాళ్లలో చాలామంది అప్పటికి జైళ్లలో ఉన్నారు. ఎమర్జెన్సీ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించరాదని 38వ సవరణ వచ్చింది. 39వ సవరణ వేగం చూడండి. ఆగస్టు 7న లోక్‌సభలో పెట్టి ఆ రోజే నెగ్గించారు. 8న రాజ్యసభ. 9న 17 రాష్ట్రాల శాసనసభలు ఆమోదం తెలిపాయి. 10వ తేదీ ఆదివారం, సెలవు; రాష్ట్రపతి సంతకానికి సెలవు లేదు. 11న సుప్రీంకోర్టులో ప్రధాని ఎన్నిక కేసు విచారణకు రావాలి. అప్పటికల్లా ప్రధాని ఎన్నికను కోర్టులు ముట్టుకోకుండా రాజ్యాంగమే మారిపోయింది. మామూలు రోజుల్లో ఒక ఊరికి బస్సు వేయించాలంటే ఇన్ని రోజుల్లో ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరగదు.

సుప్రీంకోర్టు ఆ సవరణలోని ముఖ్యమైన ముక్కను నవంబర్‌లో కొట్టేసింది. కానీ ఎన్నికల చట్టాన్నే వెనకటి తేదీ నుంచి మార్చేసి ఉండటంతో ఇందిరాగాంధీ ఎన్నిక మాత్రం నిలిచింది.

రాష్ట్రపతి సంగతి చెప్పడానికి అబూ అబ్రహాం గీసిన కార్టూన్ చాలు. 1975 డిసెంబర్‌లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. రాష్ట్రపతి స్నానాల తొట్టెలో కూర్చునే ఒక ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి ఇస్తూ, ఇంకేమైనా ఉంటే కాసేపు ఆగమనండి అంటుంటాడు. సెన్సార్ అధికారులు బ్లేడు పట్టుకుని కూర్చున్న కాలంలో అది ఎలా బయటపడిందో మరి!

న్యాయమూర్తుల ముచ్చట మాత్రం అంత తేలిగ్గా దాటేయలేం. విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం కింద పట్టుకుపోయినవాళ్లు హైకోర్టులకు వెళ్లారు. మా మనిషిని కోర్టులో చూపించండి, ఎందుకు పట్టుకున్నారో చెప్పండి – అడిగిందల్లా అంతే. తొమ్మిది హైకోర్టులు, ఈ పిటిషన్లు మేం వినవచ్చు అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేటు, శివకాంత్ శుక్లా కేసు అంటారు దాన్ని. విచారణలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేను ఒక ప్రశ్న అడిగారు. ఒక పోలీసు అధికారి సొంత కక్షతో ఒక మనిషి ప్రాణం తీస్తే, అప్పుడైనా కోర్టుకు రావచ్చా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం రాలేడు అని అటార్నీ జనరల్ జవాబు. 1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే, బేగ్, చంద్రచూడ్, భగవతి నలుగురూ ప్రభుత్వం వైపు. ఖన్నా ఒక్కరే అటు. తొమ్మిది నెలల తర్వాత ప్రధాన న్యాయమూర్తి కుర్చీ ఖాళీ అయినప్పుడు వరసలో ఉన్న ఖన్నాను దాటించి బేగ్‌కు ఇచ్చారు. ఖన్నా రాజీనామా రాసి ఇంటికి వెళ్లిపోయారు. ఆ నలుగురి తీర్పును సుప్రీంకోర్టు తనంత తానుగా తప్పని ఒప్పుకుని కొట్టేయడానికి 2017 దాకా పట్టింది. ఆ మాట రాసినవారిలో నాటి చంద్రచూడ్ కొడుకు ఉండటం కాలం ఆడిన చిత్రం.

ఇక మన వైపు వద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. జై ఆంధ్ర ఉద్యమం, దాని వెనక రాష్ట్రపతి పాలన ముగిశాక 1973 డిసెంబర్‌లో గద్దెనెక్కారు. అంతకుముందు హోంమంత్రిగా శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమాన్ని అణచిన గట్టి చేయి అని పేరు. ఎమర్జెన్సీ గురించి ఢిల్లీ పుస్తకాలు చదివేవాళ్లకు అది 1975 జూన్ 25 రాత్రి మొదలైనట్టుంటుంది. శ్రీకాకుళం ఏజెన్సీ సవరను అడిగితే ఆ తేదీ చెప్పి ఉండేవాడు కాదు. అక్కడి ప్రాంతాలను 1969లోనే కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 'ఎదురుకాల్పుల్లో' చనిపోయారని పోలీసులు చెప్పారు. 'ఎన్‌కౌంటర్' అన్న ఇంగ్లిషు మాట తెలుగు పల్లెల్లో తెలుగు మాటైపోయింది ఆ రోజుల్లోనే. రచయితలూ అంతే. విరసం సభ్యులను 1974లోనే సికింద్రాబాద్ కుట్ర కేసులో ఇరికించారు. చెప్పొచ్చేదేమంటే, ప్రజాస్వామ్యం నడుస్తున్నదని మనం అనుకుంటున్న ఏళ్లలోనే దేశంలో కొన్ని జిల్లాలు ఎమర్జెన్సీలో బతుకుతున్నాయి. 1975లో అది అందరి గడపకూ వచ్చింది, కొత్తగా పుట్టలేదు.

వచ్చి నెల తిరిగిందో లేదో, 1975 జూలై చివర్లో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు చనిపోయారు. వారిలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. ఎదురుకాల్పులు జరిగాయని పత్రికల్లో వచ్చింది. పత్రికల్లో అంతకంటే ఏమీ రాదు, సెన్సార్ ఉంది. 1977లో జస్టిస్ తార్కుండే అధ్యక్షతన పౌరుల కమిటీ వచ్చి, న్యాయవాది కన్నబిరాన్ వంటివాళ్ల సాయంతో సాక్ష్యాలు పోగుచేసి, అవి ఎదురుకాల్పులు కావని, పట్టుకుని కాల్చారని తేల్చింది. జస్టిస్ ఖన్నా ఢిల్లీలో అటార్నీ జనరల్‌ను అడిగిన ప్రశ్న ఊహలోంచి పుట్టిందేమో. గిరాయిపల్లిలో దానికి ముందే జవాబు దొరికింది.

అదే 1975లో, డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో ఆదిలాబాద్ జిల్లా రైతుకూలీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. ఒక భూస్వామి హత్య కేసులో పడిన శిక్ష. క్షమాభిక్ష పెట్టమని దేశమంతటి నుంచీ విజ్ఞప్తులు వెళ్లాయి. అంతకుముందు ఉరి ఆగింది, వాయిదా పడింది. ఎమర్జెన్సీలో మాత్రం వాయిదా వేయమని అడిగే గొంతులన్నీ మూతపడి ఉన్నాయి.

అనంతపురం జిల్లాకు వెళ్దాం. అక్కడ ఒక బావ, బావమరిది. తరిమెల నాగిరెడ్డి అక్కచెల్లెళ్లలో నాగరత్నమ్మగారిని నీలం సంజీవరెడ్డికి ఇచ్చారు. బావ కాంగ్రెస్, బావమరిది కమ్యూనిస్టు. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురం శాసనసభ స్థానంలో ఈ ఇద్దరే తలపడ్డారు, బావమరిది గెలిచాడు. తర్వాత ఇద్దరి దారులూ చిత్రంగా మలుపు తిరిగాయి. 1969 మార్చిలో నాగిరెడ్డి, ఈ శాసనసభ వల్ల పేదవాడికి ఒరిగేదేమీ లేదని చెప్పి రాజీనామా చేశారు. అదే ఏడాది సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' పిలుపు దెబ్బకు ఇంకో తెలుగువాడైన వి.వి. గిరి చేతిలో ఓడి, ఊరికి వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. బావమరిది సభను వదిలేశాడు, బావను పెద్ద సభలు వదిలేశాయి. ఎమర్జెన్సీ వచ్చేనాటికి నాగిరెడ్డి అజ్ఞాతంలో ఉన్నారు. 1976 జూలై 28న హైదరాబాద్‌లో, ఆ అజ్ఞాతంలోనే, మారుపేరుతో ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆస్తిపాస్తులున్న ఇంట్లో పుట్టి, ఎంపీగా, ఎమ్మెల్యేగా చేసిన మనిషి మంచం మీద వేరెవరి పేరో ఉంది.

నాగిరెడ్డి రాజీనామా సరైనదా అని నన్నడిగితే కాదనే అంటాను. కానీ ఆయన అన్న మాటకు ఆయన చావు ఇచ్చిన సాక్ష్యాన్ని పక్కన పెట్టి ఈ చరిత్ర రాయడం నా వల్ల కాదు.

బెంగళూరు జైలులో ఇంకొకరు. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన నెల్లూరు కవి పఠాభి అనే పట్టాభిరామిరెడ్డి భార్య స్నేహలతారెడ్డి. ఆయన తీసిన కన్నడ చిత్రం 'సంస్కార'లో నటించిన తార. 1976 మే నెలలో బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి పట్టుకెళ్లారు. చివరి చార్జిషీటులో ఆమె పేరే లేదు. ఉబ్బసం మనిషి. జైలులో ఊపిరాడక నెలల తరబడి తల్లడిల్లింది. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. జనవరి 18న ఇందిరాగాంధీ ఆకాశవాణిలో, మార్చిలో ఎన్నికలు అని ప్రకటించారు. జనవరి 20న స్నేహలత పోయింది.

ఇప్పటికీ పెళ్లి పందిళ్లలో, రచ్చబండల మీద పెద్దాయనలు కొందరు ఒక మాటంటారు: ఆ రోజుల్లో రైళ్లు టైముకి నడిచాయి, గుమస్తా పదింటికల్లా కుర్చీలో ఉన్నాడు, బియ్యం బ్లాకులో అమ్మాలంటే వ్యాపారికి వణుకు. కొట్టిపారేయకండి, చాలావరకు నిజమే. ఇరవై సూత్రాల పథకం కింద పట్టాలు అందుకున్నవాడికి, వెట్టి నుంచి కాగితం మీదైనా విముక్తి దొరికినవాడికి 1975 చీకటి ఏడాది కాదు. సెన్సార్ వల్ల నష్టపోయేది పత్రిక చదివేవాడు. పత్రిక చదవనివాడికి ఢిల్లీ చీకటి ఏం తెలుస్తుంది?

ఉత్తరాదిన మాత్రం చదువురానివాడికీ తెలిసింది, ఎందుకంటే అది నేరుగా ఒంటి మీదికే వచ్చింది. ప్రధాని కొడుకు సంజయ్ గాంధీ కుటుంబ నియంత్రణ పంతం అది. షా కమిషన్ లెక్క ప్రకారం 1976–77లో దేశం మొత్తానికి పెట్టిన లక్ష్యం 42.55 లక్షల ఆపరేషన్లు. చేసినవి 81.32 లక్షలు. ప్రభుత్వ పథకం ఏదైనా లక్ష్యానికి దాదాపు రెట్టింపు సాధించిందంటే సంబరపడాలో భయపడాలో ఊహించుకోండి. టీచరుకు కోటా, పట్వారీకి కోటా, కోటా పూర్తికాకపోతే జీతం ఆగుతుంది. సాయంత్రానికి ఊళ్లో మగవాళ్లు చెరుకు తోటల్లో దాక్కున్నారు. ఢిల్లీలో తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చడానికి బుల్డోజర్లొచ్చాయి, అడ్డుపడ్డవాళ్ల మీద 1976 ఏప్రిల్‌లో కాల్పులు జరిగాయి. దక్షిణాదిన ఆపరేషన్లు లేవని కాదు. ఆ పంతం, ఆ దౌర్జన్యం ఇక్కడ అంత దూరం పోలేదు.

ఎన్నికలు ఎందుకు పెట్టారు? ఇందిరాగాంధీ పెట్టకపోతే అడిగేవాడు లేడు. లోక్‌సభ గడువును అప్పటికే ఒక్కో ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించారు. 42వ సవరణ సభ కాలాన్ని ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచింది. గూఢచారి నివేదికలు గెలుపు ఖాయమని చెప్పాయని కొందరంటారు. నెహ్రూ కూతురికి ప్రపంచం తనను నియంత అనడం భరించరానిదైందని ఇంకొందరు. రెండింటిలోనూ కొంత ఉంది. నాకు తోచేది వేరు. పార్లమెంటు, రాష్ట్రపతి, కోర్టు, పత్రిక – అన్నిటి సంతకాలూ చేతిలో ఉన్నా, అవన్నీ తాను పెట్టించుకున్నవేనని ఆమెకు తెలుసు. తాను పెట్టించుకోని సంతకం ఒక్కటే మిగిలింది. అదీ కావాలనుకున్నారు. ఎదురుపక్షం జైలు నుంచి వచ్చి దుస్తులు మార్చుకునే లోపే పోలింగ్ ముగిసిపోతుందన్న ధీమా ఎలాగూ ఉంది.

ఫిబ్రవరి 2న జగ్‌జీవన్ రామ్ మంత్రి పదవి వదిలి బయటికొచ్చారు. ఎమర్జెన్సీ తీర్మానం ప్రవేశపెట్టిన చేతులే అవి. మార్చి 16 నుంచి 20 దాకా పోలింగ్. ఉత్తరప్రదేశ్‌లో 85 సీట్లు, బీహార్‌లో 54. రెండు చోట్లా కాంగ్రెస్‌కు సున్న. రాయబరేలీలో ఇందిరాగాంధీ అదే రాజ్‌నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్లతో ఓడారు. ఆరేళ్ల కిందటి కేసుకు కక్షిదారే తీర్పరి అయ్యాడు. దేశం మొత్తం మీద కాంగ్రెస్‌కు 154. మార్చి 21న అంతర్గత ఎమర్జెన్సీ ఎత్తేశారు.

ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లు. కాంగ్రెస్‌కు 41.

ఈ అంకె దగ్గరికి వచ్చేసరికి ఎమర్జెన్సీ చరిత్రకారులు చాలామంది తలవంచుకుని పేజీ తిప్పేస్తారు. 1977ను 'రెండో స్వాతంత్ర్యం' అని రాసుకున్న కథలో ఇది ఇమడదు. తెలుగువాడికి స్వేచ్ఛ విలువ తెలియదనా? శ్రీకాకుళం, గిరాయిపల్లి పేర్లు విన్నవాడెవడూ ఆ మాట అనలేడు. ఎదురుపక్షాలు కలిసి కట్టిన జనతా పార్టీకి ఇక్కడ ఊళ్లో మనిషి లేడు, పార్టీ ఉత్తరాది హిందీ గొంతుతో మాట్లాడింది. బలమైన వామపక్షాల్లో సీపీఐ ఎమర్జెన్సీని సమర్థించింది, నక్సలైట్లు ఎన్నికల్నే కాదన్నారు. నాగిరెడ్డి ఉన్నా ఓటడిగేవారు కాదు. ఇక మాలపల్లెలో, మాదిగవాడలో పట్టా కాగితం చేతికొచ్చినవాడికి ఇందిరమ్మ ఇందిరమ్మే. ఓటు వేసినవాళ్లు నియంతృత్వానికి వేయలేదు. తమకు కనిపించిన ప్రభుత్వానికి వేశారు, కనిపించనిదానికి వేయలేదు, అంతే.

మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. 41 మంది అటు, ఆయనొక్కరే ఇటు. అక్కడి నుంచి లోక్‌సభ స్పీకరయ్యారు. జూలైలో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడితే పరిశీలనలో 36 పోయాయి. ఎనిమిదేళ్ల కిందట తన పార్టీ ప్రధానే ఓడించిన మనిషి, ఏకగ్రీవంగా రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు. బావమరిది మారుపేరుతో పోయి అప్పటికి దాదాపు ఏడాది.

44వ సవరణకు 1979 ఏప్రిల్ 30న ఆమోదముద్ర వేసింది ఈ సంజీవరెడ్డే. 'అంతర్గత కల్లోలం' అన్న రెండు మాటలు పోయి 'సాయుధ తిరుగుబాటు' వచ్చింది. బతికే హక్కును ఎమర్జెన్సీలోనూ తీసేయడానికి వీల్లేదన్నారు. ఇంకో చిన్న నిబంధన చేర్చారు: ఎమర్జెన్సీ పెట్టాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించిందని రాతపూర్వకంగా తెలిపితే తప్ప రాష్ట్రపతి సంతకం చేయకూడదు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ రాత్రి పదిన్నరకు ప్రధాని ఇంటి నుంచి వచ్చిన పిలుపే గుర్తొస్తుంది. రెండోసారి పిలిచినప్పుడు బ్రహ్మానందరెడ్డి, మంత్రివర్గం ముందు పెట్టారా అని అడిగి ఉంటే! అడగడానికి అప్పుడు రాజ్యాంగంలో ఆ వాక్యం లేదు.

ఆయన కథ అక్కడితో ముగియలేదు. 1977లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, 1978 జనవరిలో ఇందిరాగాంధీని పార్టీ నుంచి బహిష్కరించారు. రెండు నెలలు తిరగకుండానే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలొచ్చాయి. ఇందిరా కాంగ్రెస్‌కు 175 సీట్లు, బ్రహ్మానందరెడ్డి, వెంగళరావుల కాంగ్రెస్‌కు 30. ఎమర్జెన్సీని ఢిల్లీలో సంతకంతో, హైదరాబాద్‌లో లాఠీతో నడిపిన ఇద్దరినీ తెలుగు ఓటరు ఇంటికి పంపి, ఎమర్జెన్సీ పెట్టిన మనిషిని నెత్తిన పెట్టుకున్నాడు.

1980 జనవరిలో మళ్లీ లోక్‌సభ ఎన్నికలు. ఇందిరాగాంధీ రాయబరేలీతో పాటు ఇంకో చోట కూడా నామినేషన్ వేశారు. ఎమర్జెన్సీని కాదని కాంగ్రెస్ వదిలొచ్చిన కల్వకుర్తి ఎమ్మెల్యే జైపాల్ రెడ్డి అక్కడ ఆమెకు ఎదురు నిలిచారు. రెండు లక్షలకు పైగా తేడాతో ఓడిపోయారు. రాయబరేలీలోనూ గెలిచిన ఇందిరాగాంధీ దాన్ని వదులుకుని ఈ సీటే ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న చనిపోయేదాకా ఆమె అక్కడి ఎంపీనే. ఆ నియోజకవర్గం పేరు మెదక్. గిరాయిపల్లి ఉన్న జిల్లా.

(సశేషం)